యూరోపియన్ యూనియన్ – టర్కీ: సభ్యత్వం లేని సమైక్యత (1959–2018)

1. పరిచయం

గత యూనిట్‌లో మీరు 1957 నాటి రోమ్ సంధితో ఏర్పడిన యూరోపియన్ ఆర్థిక సముదాయం క్రమంగా ఎలా విస్తరించిందో చదివారు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ అనే ఆరు దేశాలతో మొదలైన ఆ సముదాయమే 1993 నుంచి యూరోపియన్ యూనియన్ అయింది. అది చేరిన దేశాల చరిత్ర. ఈ యూనిట్‌లో చేరాలని దశాబ్దాలుగా కోరుతూ, ఇంకా చేరలేకపోయిన ఒక పొరుగు దేశం గురించి తెలుసుకుంటారు. ఆ దేశం టర్కీ. 2022 నుంచి ఐక్యరాజ్యసమితిలో దాని పేరు తుర్కియే. మీకు అలవాటైన పాత పేరునే ఇక్కడ వాడుతున్నాం.

టర్కీకి సభ్యత్వం ఎందుకు దక్కలేదని అడిగితే చాలామంది విద్యార్థులు ఒకే వాక్యంలో జవాబు రాస్తారు: అది ముస్లిం దేశం కాబట్టి. అందులో కొంత నిజం ఉంది. కాని పరీక్షలో ఆ ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే సగం మార్కులు కూడా రావు. ఎందుకంటే అదే ముస్లిం దేశంతో 1963లో ఒప్పందం ఎందుకు చేసుకున్నారో, 1999లో అభ్యర్థి హోదా ఎందుకు ఇచ్చారో ఆ జవాబు చెప్పదు. పైగా అది అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది. టర్కీ పూర్తిగా బయట ఉండిపోయిన దేశం కాదు. వాణిజ్యంలో అది చాలావరకు లోపలే ఉంది. యూనియన్ చేసే అనేక నిబంధనలను పాటించే బాధ్యత దానికి ఉంది. ఆ నిబంధనలను చేసే చోట మాత్రం దానికి కుర్చీ లేదు. ఇలాంటి స్థితి ఎలా ఏర్పడింది, దానికి టర్కీ ఏ మూల్యం చెల్లించింది అనేవే ఇక్కడ మనం పరిశీలించే ప్రశ్నలు.

2. అంకారా ఒప్పందం

1959 జూన్‌లో గ్రీస్, ఆర్థిక సముదాయంతో అనుబంధం కోరుతూ దరఖాస్తు చేసింది. రెండు నెలలు తిరగకముందే, జులై 31న, టర్కీ కూడా చేసింది. ఈ రెండు తేదీలు అంత దగ్గరగా ఉండటానికి కారణం ఉంది. ఏజియన్ సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు దేశాలూ 1952లో కలిసే నాటోలో చేరాయి. పొగాకు, ఎండుద్రాక్ష వంటి ఒకే రకం సరుకులను పశ్చిమ ఐరోపాకు అమ్ముకునేవి. గ్రీస్ సరుకు మీద సుంకం తగ్గి తమ సరుకు మీద తగ్గకపోతే ఏమవుతుందో అంకారాలోని పాలకులకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

గ్రీస్ ఒప్పందం 1961లోనే కుదిరింది. టర్కీలో 1960 మే 27న సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి, మరుసటి ఏడాది మాజీ ప్రధాని అద్నాన్ మెండెరెస్‌ను ఉరితీసింది. అందువల్ల చర్చలు ఆలస్యమయ్యాయి. చివరకు 1963 సెప్టెంబరు 12న అంకారా ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 1964 డిసెంబరు 1న అది అమలులోకి వచ్చింది. సంతకాల సందర్భంలో సముదాయపు కమిషన్ అధ్యక్షుడు వాల్టర్ హాల్‌స్టైన్, టర్కీ ఐరోపాలో భాగమేనని స్పష్టంగా ప్రకటించారు. అది ప్రచ్ఛన్న యుద్ధకాలం. సోవియట్ యూనియన్‌తో సరిహద్దు ఉన్న నాటో సభ్యదేశం ఐరోపాదా కాదా అన్న సందేహం అప్పట్లో ఎక్కువమందికి రాలేదు.

ఈ ఒప్పందం సన్నాహక, పరివర్తన, అంతిమ దశలనే మూడు దశలను నిర్దేశించింది. వాటి గమ్యం కస్టమ్స్ యూనియన్, అంటే సుంకాల కూటమి. దాని తరువాత ఏమిటి? ఒప్పందంలోని 28వ అధికరణం ప్రకారం, సముదాయపు బాధ్యతలన్నింటినీ టర్కీ స్వీకరించగలదనిపించినప్పుడు, అది సభ్యురాలు కాగల అవకాశాన్ని ఉభయపక్షాలూ పరిశీలిస్తాయి. ఈ మాటలను మరొకసారి చదవండి. సభ్యత్వం ఇస్తామని ఎక్కడా లేదు. ఉన్నదల్లా పరిశీలిస్తామనే. టర్కీ దాన్ని వాగ్దానంగా చదువుకుంది. సముదాయం అవకాశంగా చదువుకుంది. తరువాతి వివాదాలలో సగం ఈ ఒక్క అధికరణం నుంచే పుట్టాయంటే తప్పు లేదు.

1970లో కుదిరి 1973లో అమలైన అదనపు ప్రోటోకాల్ మరొక మాట ఇచ్చింది. అంకారా ఒప్పందం అమలైన 12వ ఏటికీ 22వ ఏటికీ మధ్య, అంటే 1986 చివరికల్లా, కార్మికుల స్వేచ్ఛాసంచారాన్ని దశలవారీగా సాధిస్తామని అందులో రాసుకున్నారు. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. అక్కడి కర్మాగారాలకు మనుషులు కావాలి, ఇక్కడి కుటుంబాలకు డబ్బు కావాలి. ఆ వేడిలో ఇచ్చిన మాట అది. అయితే 1973 నవంబరులో, చమురు సంక్షోభం నేపథ్యంలో, పశ్చిమ జర్మనీ విదేశీ కార్మికుల నియామకాన్ని ఆపేసింది. 1980లో టర్కీ పౌరులకు వీసా తప్పనిసరి చేసింది. 1986 వచ్చింది, వెళ్లింది. ప్రోటోకాల్‌లోని మాట కాగితం మీదే మిగిలింది. ఆ నిబంధనలు వ్యక్తులకు నేరుగా హక్కు ఇచ్చేంత కచ్చితంగా లేవని 1987లో సముదాయపు న్యాయస్థానం తేల్చింది.

3. గ్రీస్ లోపల, టర్కీ బయట

1974 జులైలో సైప్రస్‌లో, ఏథెన్స్‌లోని సైనిక పాలకుల అండతో తిరుగుబాటు జరిగింది. అయిదు రోజుల తరువాత, జులై 20న, టర్కీ సైన్యం దీవిలో దిగింది. ఆ ఏడాదే దీవిలో మూడో వంతుకు పైగా దాని అధీనంలోకి వచ్చింది. అదే సమయంలో ఏథెన్స్‌లో సైనిక పాలన కుప్పకూలి ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది. 1975లో గ్రీస్ పూర్తి సభ్యత్వానికి దరఖాస్తు చేసి, 1981 జనవరి 1న సముదాయంలో చేరిపోయింది.

టర్కీ అప్పుడే దరఖాస్తు ఎందుకు చేయలేదు? ఆనాటి టర్కీ రాజకీయాలలో సముదాయం పట్ల అనుమానం ఎక్కువ. వామపక్షాలకు అది పెట్టుబడిదారుల కూటమి. నెజ్మెత్తిన్ ఎర్బకాన్ వంటి మతవాద నాయకులకు అది క్రైస్తవుల క్లబ్బు. టర్కీ భాషలో ఉమ్మడి మార్కెట్‌ను ‘ఒర్తక్ పజార్’ అంటారు. ‘ఒర్తక్’ అంటే భాగస్వామి అని కూడా అర్థం. ఆ పదాన్ని విడదీసి, భాగస్వాములు వాళ్లు, మార్కెట్ మనం అని అర్థం వచ్చే నినాదం వీధుల్లో వినిపించేది. 1978లో బులెంత్ ఎజెవిత్ ప్రభుత్వం ఒప్పందపు బాధ్యతల అమలును తాత్కాలికంగా నిలిపివేసింది. 1980 సెప్టెంబరు 12న మళ్లీ సైనిక తిరుగుబాటు జరిగింది. ఒప్పందం మీద సంతకాలు జరిగి ఆ రోజుకు సరిగ్గా 17 ఏళ్లు.

కాబట్టి తలుపు మూసింది ఐరోపా ఒక్కటే అనుకోవడం సరికాదు. తలుపు కొంత తెరుచుకుని ఉన్నప్పుడు టర్కీ లోపలికి అడుగుపెట్టలేదు. అంతలో గ్రీస్ లోపలికి వెళ్లింది. కొత్త సభ్యుల చేరికకు పాత సభ్యులందరి ఆమోదమూ కావాలి. ఆ విధంగా టర్కీ భవిష్యత్తు మీద దాని చిరకాల ప్రత్యర్థికి వీటో దక్కింది.

1987 ఏప్రిల్ 14న తుర్గుత్ ఓజల్ ప్రభుత్వం చివరకు పూర్తి సభ్యత్వానికి దరఖాస్తు చేసింది. అదే ఏడాది మొరాకో కూడా దరఖాస్తు చేయగా, ఐరోపా దేశం కాదన్న కారణంతో దాన్ని తిరస్కరించారు. టర్కీకి ఆ జవాబు రాలేదు. 1989 డిసెంబరులో కమిషన్ ఇచ్చిన అభిప్రాయంలో టర్కీ అర్హతను కాదనలేదు. ఆర్థిక వెనుకబాటును, మానవహక్కుల లోపాలను, గ్రీస్‌తో వివాదాన్ని, సైప్రస్‌ను ప్రస్తావించి, ఇప్పుడు చర్చలు మొదలుపెట్టలేమని చెప్పింది. ‘కాదు’ అనే మాటకూ ‘ఇప్పుడు కాదు’ అనే మాటకూ మధ్య ఉన్న తేడా మీదే ఆ తరువాతి ముప్పై ఏళ్ల సంబంధాలు నడిచాయి.

4. కస్టమ్స్ యూనియన్: లాభం, మూల్యం

సభ్యత్వం దూరమైనా అంకారా ఒప్పందంలోని సుంకాల కూటమి మిగిలే ఉంది. 1995 మార్చి 6న తన్సు చిల్లర్ ప్రధానిగా ఉన్నప్పుడు దాని మీద తుది నిర్ణయం జరిగింది. సైప్రస్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెడతామని యూనియన్ మాట ఇచ్చిన తరువాతే గ్రీస్ తన అభ్యంతరాన్ని విరమించుకుంది. 1995 డిసెంబరు 31న కస్టమ్స్ యూనియన్ అమలులోకి వచ్చింది. పారిశ్రామిక వస్తువులు అందులో ఉన్నాయి. వ్యవసాయ ఉత్పత్తులు, సేవలు లేవు.

కస్టమ్స్ యూనియన్ అంటే ఏమిటో మన అనుభవంతో అర్థం చేసుకోవచ్చు. 2017కు ముందు రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరడం మీలో చాలామంది చూసే ఉంటారు. జి.ఎస్.టి. వచ్చాక అవి పోయాయి. దేశమంతటా ఒక వస్తువు మీద ఒకే పన్ను రేటు. ఆ రేటును నిర్ణయించేది జి.ఎస్.టి. మండలి. అందులో ప్రతి రాష్ట్రానికీ ఓటు ఉంది. ఇప్పుడు ఒక రాష్ట్రం ఆ రేట్లన్నిటినీ పాటించాలి కాని మండలిలో దానికి చోటు లేదు అనుకోండి. అక్కడి ఆర్థికమంత్రి ఏమంటాడో ఊహించండి. టర్కీ ఒప్పుకున్నది దాదాపు అలాంటి ఏర్పాటుకే. కూటమిలోని దేశాల మధ్య సుంకాలు ఉండవు. బయటి దేశాల సరుకు మీద అందరూ ఒకే సుంకం వేస్తారు. ఆ సుంకం ఎంతో బ్రస్సెల్స్‌లో సభ్యదేశాలు నిర్ణయిస్తాయి. టర్కీ దాన్ని అనుసరిస్తుంది.

అయినా టర్కీ ఎందుకు ఒప్పుకుంది? ఇది సభ్యత్వానికి ముందు మెట్టు అని భావించింది. కొన్నేళ్లు ఓటు లేకుండా సర్దుకుంటే, తరువాత ఓటు వస్తుందన్నది లెక్క. లాభం కూడా తక్కువేమీ కాదు. పోటీకి తట్టుకోవలసి రావడంతో టర్కీ పరిశ్రమ రూపురేఖలు మారాయి. కార్లు, టెలివిజన్లు, ఫ్రిజ్‌లు ఐరోపా మార్కెట్‌కు చేసే దేశంగా అది ఎదిగింది.

మూల్యం మాటకు వస్తే, ఇక్కడ మన దేశం కూడా కథలోకి వస్తుంది. అప్పట్లో ఐరోపా దేశాలు భారతీయ వస్త్రాల దిగుమతి మీద పరిమాణ పరిమితులు, అంటే కోటాలు, అమలు చేసేవి. కస్టమ్స్ యూనియన్ ఏర్పడగానే టర్కీ కూడా, 1996 జనవరి 1 నుంచి, 19 రకాల భారతీయ వస్త్రాల మీద, దుస్తుల మీద కోటాలు విధించింది. భారతీయ సరుకు టర్కీలోకి స్వేచ్ఛగా వస్తే, అక్కడి నుంచి సరిహద్దు సుంకాలు లేని ఐరోపాలోకి జారిపోతుందన్నది భయం. భారతదేశం ఊరుకోలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో 1996లోనే టర్కీ మీద వివాదం లేవనెత్తింది.

టర్కీ వాదన ఆసక్తికరంగా ఉంటుంది. ఈ కోటాలు పెట్టకపోతే యూనియన్ తమ వస్త్రాలను స్వేచ్ఛావాణిజ్యం నుంచి మినహాయించేదని, ఐరోపాకు తాము చేసే ఎగుమతుల్లో సుమారు 40 శాతం అవేనని, అందువల్ల తమకు మరో దారి లేదని అది చెప్పింది. యూనియన్‌ను పక్కన పెట్టి తమ ఒక్కరినే ప్రశ్నించడం తగదని కూడా అంది. జెనీవాలోని విచారణ బృందం ఒప్పుకోలేదు. కోటాలు విధించింది టర్కీయే, జవాబు చెప్పవలసిందీ టర్కీయే అన్నది. ఏ బట్ట టర్కీది, ఏది భారతదేశానిది అని గుర్తించడానికి మూలదేశ ధ్రువపత్రాల వంటి మార్గాలు ఉన్నాయి, కోటాలు లేకుండానే కస్టమ్స్ యూనియన్ సాధ్యమయ్యేది అని తేల్చింది. 1999 అక్టోబరులో అప్పీలు సంస్థ కూడా భారతదేశం పక్షానే నిలిచింది. సుంకాల కూటములకు ఉన్న మినహాయింపు ఎంతవరకు అన్న చర్చలో ఈ తీర్పును ఇప్పటికీ ఉదాహరిస్తారు. మన యూనిట్‌కు కావలసింది మాత్రం ఇది: విధానం బ్రస్సెల్స్‌ది, జెనీవాలో బోనులో నిలబడింది టర్కీ.

మరొక ఉదాహరణ చూడండి. యూనియన్ ఇతర దేశాలతో స్వేచ్ఛావాణిజ్య ఒప్పందాలు చేసుకుంటుంది. ఆ చర్చల్లో టర్కీ ఉండదు. 2011 జులై నుంచి దక్షిణ కొరియాతో యూనియన్ ఒప్పందం అమలైంది. యూనియన్ మార్కెట్‌లోకి వచ్చిన కొరియా సరుకు అక్కడి నుంచి టర్కీకి సుంకం లేకుండా రావచ్చు. టర్కీ సరుకు కొరియాకు వెళ్లాలంటే సుంకం కట్టాలి. టర్కీ తన సొంత ఒప్పందం కుదుర్చుకుని 2013లో అమలు చేసేవరకు ఇదే పరిస్థితి. కొరియా ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది. 2000లో యూనియన్‌తో ఒప్పందం చేసుకున్న మెక్సికోతో టర్కీకి అలాంటి ఒప్పందం కుదరలేదు. అప్పటికే తన సరుకుకు దారి దొరికిన దేశం టర్కీతో విడిగా బేరానికి కూర్చోవడానికి తొందరపడదు కదా.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1) అంకారా ఒప్పందంలోని 28వ అధికరణాన్ని ఉభయపక్షాలూ వేర్వేరుగా ఎందుకు అర్థం చేసుకున్నాయి?

2) భారత వస్త్రాల వివాదంలో టర్కీ వాదన మీకు న్యాయంగా తోస్తోందా? కారణాలతో పది పంక్తులలో రాయండి.

5. హెల్సింకి నుంచి లక్సెంబర్గ్ వరకు

1997 డిసెంబరులో లక్సెంబర్గ్ సమావేశం తూర్పు ఐరోపా దేశాలను, సైప్రస్‌ను అభ్యర్థులుగా గుర్తించి టర్కీని పక్కన పెట్టింది. టర్కీ కోపంతో యూనియన్‌తో రాజకీయ సంభాషణ నిలిపివేసింది. రెండేళ్లలోనే గాలి మారింది. 1999 ఆగస్టులో మర్మరా ప్రాంతంలో ఘోర భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. గ్రీస్ సహాయ బృందాలు వచ్చాయి. సెప్టెంబరులో ఏథెన్స్‌లో భూమి కంపించినప్పుడు టర్కీ బృందాలు వెళ్లాయి. విదేశాంగ మంత్రులు జార్జ్ పాపాండ్రూ, ఇస్మాయిల్ జెమ్ అప్పటికే మొదలుపెట్టిన సంభాషణకు ప్రజల మద్దతు దొరికింది. ఆ డిసెంబరులో హెల్సింకి సమావేశం టర్కీకి అభ్యర్థి హోదా ఇచ్చింది. గ్రీస్ అడ్డు చెప్పలేదు.

తరువాతి అయిదేళ్లు ఈ చరిత్రలో అత్యంత ఆశాజనకమైనవి. సభ్యత్వం అందుతుందన్న నమ్మకం ఒక దేశపు చట్టాలను ఎంత వేగంగా మార్చగలదో ఈ కాలంలో చూడవచ్చు. 2002లో శాంతికాలానికి, 2004లో పూర్తిగా మరణశిక్ష రద్దయింది. కుర్దిష్ భాషలో ప్రసారాలకు, బోధనకు పరిమితంగానైనా అనుమతి లభించింది. రాజ్య భద్రతా న్యాయస్థానాలు రద్దయ్యాయి. వీటిలో కొన్ని ఎజెవిత్ కాలంలోనివి, మిగిలినవి 2002 ఎన్నికలలో గెలిచిన ఎర్డోగాన్ పార్టీ కాలంలోనివి.

ఇంతలో సైప్రస్ మళ్లీ అడ్డు వచ్చింది. 2004 ఏప్రిల్ 24న ఐక్యరాజ్యసమితి ఏకీకరణ ప్రణాళిక మీద దీవిలో రెండు వైపులా ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం అవునన్నారు. గ్రీక్ సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు. వారం తరువాత, మే 1న, వద్దన్న వర్గం పాలనలోని సైప్రస్ ప్రభుత్వం యూనియన్ సభ్యదేశమైంది. ఒక సరిహద్దు వివాదాన్ని పరిష్కరించకుండానే అందులో ఒక పక్షానికి సభ్యత్వం, దానితోపాటు వీటో ఇవ్వడం యూనియన్ చేసిన పెద్ద పొరపాటని ఈ రచయిత అభిప్రాయం.

2005 అక్టోబరు 3న లక్సెంబర్గ్‌లో, ఆస్ట్రియా అభ్యంతరాల మధ్య చివరి నిమిషం వరకు సాగిన బేరసారాల తరువాత, సభ్యత్వ చర్చలు మొదలయ్యాయి. చర్చల నియమావళిలో రెండు విషయాలు గమనించండి. చర్చల ఫలితాన్ని ముందుగా హామీ ఇవ్వలేమని రాశారు. మనుషుల స్వేచ్ఛాసంచారం వంటి అంశాలలో శాశ్వత రక్షణ నిబంధనలు ఉండవచ్చునని రాశారు. 1986కల్లా సాధిస్తామన్నది, 2005 నాటికి ఎప్పటికీ ఇవ్వకపోవచ్చు అన్న స్థాయికి వచ్చిందన్నమాట.

మొత్తం 35 అధ్యాయాలు. 2006 జూన్‌లో శాస్త్ర పరిశోధన అధ్యాయం తాత్కాలికంగా ముగిసింది. ముగిసినది ఆ ఒక్కటే. తన రేవులను సైప్రస్ నౌకలకు తెరవడానికి టర్కీ నిరాకరించడంతో 2006 డిసెంబరులో ఎనిమిది అధ్యాయాలు స్తంభించాయి. ఉత్తర సైప్రస్‌తో నేరుగా వాణిజ్యం తెరుస్తామన్న యూనియన్ మాట నెరవేరలేదు కాబట్టి తామూ తెరవమని టర్కీ అన్నది. సర్కోజీ కాలంలో ఫ్రాన్స్ మరికొన్నిటిని, 2009లో సైప్రస్ ఇంకొన్నిటిని అడ్డుకున్నాయి. జర్మనీలో ఏంజెలా మెర్కెల్ పార్టీ సభ్యత్వానికి బదులు ‘విశేష భాగస్వామ్యం’ అనే మాటను ముందుకు తెచ్చింది.

టర్కీతో దాదాపు ఒకే సమయంలో చర్చలు మొదలుపెట్టిన మరో దేశం క్రొయేషియా. అది 2013 జులై 1న సభ్యదేశమైంది. రెండింటి మధ్య తేడా చూపడానికి జనాభా లెక్క ఒక్కటి చాలు. క్రొయేషియాలో సుమారు 40 లక్షల మంది. టర్కీలో ఆనాటికే 7 కోట్లకు పైగా. యూనియన్ మంత్రిమండలి ఓటింగులో జనాభాకు ప్రాధాన్యం ఉంది. టర్కీ చేరితే జర్మనీతో సమానమైన బరువు దానికి దక్కుతుంది. మతం గురించి బహిరంగంగా మాట్లాడినవారు ఉన్నారు. ఓట్ల బరువు గురించిన లెక్కలు కూడా తక్కువ ముఖ్యమైనవి కావు.

6. శరణార్థుల ఒప్పందం, ఆ తరువాత

సిరియా యుద్ధంతో సంబంధాల స్వభావం మారింది. 2016 మార్చి 18న కుదిరిన అవగాహన ప్రకారం, గ్రీకు దీవులకు అక్రమంగా చేరుకున్నవారిని టర్కీ వెనక్కు తీసుకుంటుంది. శరణార్థుల పోషణకు యూనియన్ మొదట 300 కోట్ల యూరోలు, తరువాత మరో 300 కోట్ల యూరోలు సమకూరుస్తుంది. టర్కీ పౌరులకు వీసా రద్దు గురించి కూడా అందులో మాట ఉంది. అందుకు 72 షరతులు ఉన్నాయి. ఉగ్రవాద వ్యతిరేక చట్టం సవరణ దగ్గర అది ఆగిపోయింది.

అదే ఏడాది జులై 15న జరిగిన విఫల సైనిక తిరుగుబాటు తరువాత టర్కీలో అత్యవసర పరిస్థితి విధించారు. వేలాదిమంది అరెస్టయ్యారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. చర్చలను తాత్కాలికంగా నిలిపివేయాలని నవంబరులో యూరోపియన్ పార్లమెంటు కోరింది. 2017 ఏప్రిల్ ప్రజాభిప్రాయ సేకరణతో టర్కీ అధ్యక్ష పాలన వైపు మళ్లింది. 2018 జూన్‌లో యూనియన్ మంత్రిమండలి, చర్చలు వాస్తవంగా నిలిచిపోయాయని, కొత్త అధ్యాయాలు తెరవడం గాని ఉన్నవాటిని ముగించడం గాని ఆలోచించలేమని ప్రకటించింది. అప్పటికి తెరిచినవి 16 అధ్యాయాలు. కస్టమ్స్ యూనియన్‌ను ఆధునికీకరించాలని కమిషన్ 2016 డిసెంబరులో చేసిన ప్రతిపాదన కూడా అదే ప్రకటనతో పక్కకు పోయింది.

కస్టమ్స్ యూనియన్ మాత్రం రద్దు కాలేదు. బల్గేరియా సరిహద్దులోని కపికులే దగ్గర దాని తీరును చూడవచ్చు. టర్కీ కర్మాగారాల సరుకు సుంకం లేకుండా సరిహద్దు దాటుతుంది. ఆ సరుకును మోసే టర్కీ లారీకి రవాణా అనుమతి పత్రాల కోటా ఉంది. ఆ లారీని నడిపే డ్రైవరుకు వీసా కావాలి.